చూపు ఎంతవరకు వస్తుంది, డాక్టరమ్మా?

(బెంగళూరు మారతహళ్ళిలోని ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, తెలుగు కుటుంబాలు ఆదివారం కలిసినప్పుడు ఒక రెటీనా వైద్యురాలు చేసిన ప్రసంగం. చివర్లో సభలోంచి వచ్చిన కొన్ని ప్రశ్నలు, వాటికి ఆమె జవాబులు.)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున పిల్లల స్విమ్మింగ్ క్లాసులూ, వారానికి సరిపడా కూరగాయలూ పక్కనపెట్టి ఇంతమంది వచ్చారు. ముందు వరసలో పెద్దవాళ్ళు కూర్చున్నారు, వెనక కుర్రవాళ్ళు నిలబడ్డారు. ఈ రోజు నా మాటలు ఎక్కువగా ఆ వెనక నిలబడ్డవాళ్ళ కోసం, ముప్ఫై, నలభై ఏళ్ళవాళ్ళ కోసం.

నేను రోజూ వినే ప్రశ్న ఒకటుంది. పరీక్షలన్నీ అయ్యాక, స్కాన్ చూపించాక, ఇంజెక్షన్ వేయాలని చెప్పాక, ఖర్చు సంగతి కూడా మాట్లాడుకున్నాక, తలుపు దాకా వెళ్ళినవాళ్ళు వెనక్కి తిరిగి అడుగుతారు: "చూపు ఎంతవరకు వస్తుంది మేడమ్?" డెబ్బై ఏళ్ళ పెద్దాయన అడిగినప్పుడూ ఆ ప్రశ్న బరువైనదే. కానీ ముప్ఫై నాలుగేళ్ళ అబ్బాయి, హోమ్ లోన్ ఇంకా పద్దెనిమిదేళ్ళు కట్టాల్సినవాడు, రోజంతా స్క్రీన్ చూస్తేగాని ఇల్లు గడవనివాడు అడిగితే నా గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఆ ప్రశ్నకు నిజాయితీగా ఎంతవరకు జవాబు చెప్పగలం, ఏం చూసి చెప్పగలం, ఎప్పుడు చెప్పగలం? ఇవాళ అదే మాట్లాడతాను.

ముందు జబ్బు పేరు. రెటీనల్ వెయిన్ అక్లూజన్. మనవాళ్ళు "కంటి నరం బ్లాక్ అయింది" అంటారు. ఈ మాటతో నాకు పెద్ద చిక్కు. మనకి రక్తం పారే గొట్టమూ నరమే, మెదడుకు కబురు మోసే నాడీ నరమే. ఒకాయన తన కంటి నరమే చచ్చిపోయిందనుకుని, ఇంక చేసేదేమీ లేదని ఆరు వారాలు ఇంట్లో కూర్చున్నాడు. మూసుకుపోయింది కంట్లోంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్ళే సిర. ఆ ఆరు వారాల్లో చేయగలిగింది ఎంతో ఉండేది.

మాది రేపల్లె వైపు. డెల్టా ఊళ్ళవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పొలానికి నీరు తెచ్చేది పంట కాలువ, మిగిలిన నీరు తీసుకెళ్ళేది మురుగు కాలువ. కంట్లో ధమని పంట కాలువ, సిర మురుగు కాలువ. మురుగు కాలువకు అడ్డం పడిందనుకోండి. పైనుంచి నీరు వస్తూనే ఉంటుంది, పోయే దారి ఉండదు, చేను మునుగుతుంది. రెటీనాలోనూ అంతే. సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి, రక్తం చిమ్మి మరకలు పడతాయి, రక్తంలోని నీరు ఊరి మాక్యులాలో చేరుతుంది. మాక్యులా అంటే రెటీనా నడిమి భాగం, మనం అక్షరాలు చదివేదీ మొహాలు గుర్తుపట్టేదీ దానితోనే. ఎక్కువమందికి చూపు మసకబారేది ఆ వాపు వల్లే.

పిల్లకాలువలో అడ్డం పడితే దాని కింద ఉన్న మడి మాత్రమే మునుగుతుంది. అది బ్రాంచ్ వెయిన్ అక్లూజన్. ధమని, సిర ఒకదాన్నొకటి దాటే చోట రెండింటికీ కలిపి ఒకే తొడుగు ఉంటుంది. బీపీ వల్లో వయసు వల్లో గట్టిపడిన ధమని అక్కడ కింద ఉన్న సిరను నొక్కుతుంది. పెద్ద సిరే మూసుకుంటే కన్నంతా మునుగుతుంది, అది సెంట్రల్ వెయిన్ అక్లూజన్. ఎన్నో దేశాల సర్వేలు కలిపి 2010లో తీసిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళలో వెయ్యికి నాలుగున్నర మందికి దగ్గరగా బ్రాంచ్ రకం, ఒకరికంటే తక్కువమందికి సెంట్రల్ రకం ఉన్నాయి. రెటీనా రక్తనాళాల జబ్బుల్లో షుగర్ వల్ల వచ్చేదాని తర్వాత ఇదే.

ఇది ప్రధానంగా అరవై దాటినవాళ్ళ జబ్బు. మరి ముప్ఫైల్లో ఎందుకొస్తుంది? చాలాసార్లు పెద్దవాళ్ళకి వచ్చే కారణాలే, కాకపోతే ముందుగా. ఎప్పుడూ చూపించుకోని బీపీ, కొలెస్ట్రాల్, షుగర్, సిగరెట్. ఈ ఊళ్ళో ముప్ఫై అయిదేళ్ళకే బీపీ 160 ఉండి ఆ సంగతే తెలియనివాళ్ళు నాకు నెలనెలా కనిపిస్తారు. వీటికి తోడు చిన్న వయసులో ప్రత్యేకంగా వెతకాల్సినవి కొన్ని ఉన్నాయి. రక్తంలో హోమోసిస్టిన్ అనే పదార్థం పెరగడం, మన శాకాహారుల్లో తరచుగా కనిపించే బీ12 లోపం దానికి ఒక కారణం. రక్తం తేలిగ్గా గడ్డకట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, ప్రోటీన్ సీ, ప్రోటీన్ ఎస్ లోపాలు. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు. ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటిమీదే తిరగబడే లూపస్ లాంటి జబ్బులు. మన దేశంలో టీబీకి సంబంధించిన రక్తనాళాల వాపును కూడా మరిచిపోకూడదు. గురకపెట్టి నిద్రలో ఊపిరి ఆగి ఆగి తీసేవాళ్ళలోనూ ఈ జబ్బు ఎక్కువగా కనిపించింది. భర్త గురక గురించి నవ్వుకుంటూ చెప్పే ఆడవాళ్ళు దయచేసి అది డాక్టరుకి కూడా చెప్పండి.

ఇక అసలు విషయం.

1966లో లాన్, హాయిట్ అనే ఇద్దరు వైద్యులు కుర్రవాళ్ళలో కనిపించే ఒక రకానికి పాపిల్లోఫ్లెబైటిస్ అని పేరు పెట్టారు. కంటినాడి మొదట్లో వాపు, ఉబ్బిన సిరలు, అయినా చూపు పెద్దగా పోదు, నెలల మీద సర్దుకుంటుంది. అప్పటినుంచి "చిన్న వయసులో వస్తే భయం లేదు" అన్న మాట వైద్యుల్లో పాతుకుపోయింది. 1993లో ఫాంగ్, షాట్జ్ అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన కేసులన్నీ తిరగేసి, ఇది అంత నిరపాయమేమీ కాదని, కుర్రవాళ్ళలోనూ కొందరి చూపు బాగా దెబ్బతింటుందని రాశారు. ఆ సంగతి పుస్తకాల్లోకి ఎక్కి ముప్ఫై ఏళ్ళయింది. ఓపీ గదుల్లోకి ఇంకా పూర్తిగా రాలేదు.

రాలేదని ఎలా చెబుతున్నానంటే, నేనే ఆ తప్పు చేశాను. ఫెలోషిప్ చేస్తున్న రోజులు. ఇరవై తొమ్మిదేళ్ళ అబ్బాయి, మన తెలుగబ్బాయే, సెంట్రల్ వెయిన్ మూసుకుని వచ్చాడు. చూపు 6/12, అంటే ఫర్వాలేదు. మామూలు కన్ను పన్నెండు మీటర్ల నుంచి చదివేది ఆరు మీటర్ల దగ్గర చదవగలగడం అది; కింది అంకె పెరిగేకొద్దీ చూపు తక్కువని. నేను ధైర్యం చెప్పాలనుకున్నాను. "చిన్న వయసు కదా బాబూ, వచ్చేస్తుందిలే" అన్నాను. నెలకోసారి రావాలని కూడా చెప్పాను గాని, అతను ఇంటికి తీసుకెళ్ళింది మొదటి మాటే. మూడు నెలల తర్వాత కన్ను ఎర్రబడి, తలపోటు, వాంతులతో వచ్చాడు. రక్తం అందని రెటీనా పిలిస్తే కనుపాప చుట్టూ కొత్త రక్తనాళాలు మొలిచి, కంట్లో నీరు బయటికిపోయే దారిని మూసేశాయి. పాతకాలం వైద్యులు దీన్ని వంద రోజుల గ్లాకోమా అనేవారు. ఆ కంట్లో చూపు తిరిగి రాలేదు. నేనిచ్చిన ధైర్యమే అతన్ని ఇంట్లో కూర్చోబెట్టింది. ఇది మీకు చెప్పకుండా మిగతాది చెప్పే హక్కు నాకు లేదనిపిస్తుంది.

అతని విషయంలో ఏం జరిగిందో ఇప్పుడు తెలుసు. 1990ల్లో అమెరికాలో సెంట్రల్ వెయిన్ అక్లూజన్ స్టడీ అని ఒకటి చేశారు, 700కు పైగా కళ్ళను మూడేళ్ళ దాకా గమనించారు. మొదట రక్తప్రసారం బాగానే ఉందనుకున్న కళ్ళలోనూ 34 శాతం మూడేళ్ళలో రక్తం అందని రకంగా, అంటే ఇస్కీమిక్‌గా మారిపోయాయి. వాటిలో సగానికి దగ్గరగా, మొత్తం మీద 15 శాతం, మొదటి నాలుగు నెలల్లోనే మారాయి. అందుకే మొదటి రోజు జోస్యం చెప్పి చేతులు దులుపుకోకూడదు. చూపు ఎంతవరకు వస్తుందన్న జవాబు ప్రతి విజిట్‌కీ కొత్తగా రాసుకోవాల్సిన జవాబు.

అలాగని మొదటి రోజు ఏమీ చెప్పలేమా? చాలానే చెప్పగలం.

తుపాను వెళ్ళిపోయాక మా నాన్న గట్టు మీద నిలబడి నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో చూసి ఊరుకునేవారు కాదు. చేలోకి దిగి ఒక కుదురు పీకి వేరు చూసేవారు, మొవ్వు చీల్చి చూసేవారు. వేరు తెల్లగా ఉంటే నీరు తీసేస్తే చేను లేస్తుంది. నల్లబడి వాసనొస్తే, పైన ఆకు పచ్చగా కనిపించినా లాభం లేదు. మేం చేసేదీ అదే పని.

అన్నిటికంటే గట్టి సూచన మొదటి రోజు చూపు. మీరు చార్టులో ఎన్ని వరసలు చదివారన్నది. ఇందాక చెప్పిన అధ్యయనంలోనే, ఇంజెక్షన్లు లేని కాలంలో, మొదటి రోజు 6/12 లేదా అంతకంటే మెరుగ్గా ఉన్నవాళ్ళలో 65 శాతం మంది చివరికీ అక్కడే నిలబడ్డారు. 6/60 కన్నా తక్కువ ఉన్నవాళ్ళలో 80 శాతం మంది ఆ కిందే ఉండిపోయారు. మధ్యలో ఉన్నవాళ్ళ సంగతే ఎటూ తేలనిది: 19 శాతం బాగుపడ్డారు, 44 శాతం అక్కడే ఉన్నారు, 37 శాతం ఇంకా దిగజారారు. అయితే మీలో ఒకరు ఇప్పుడు లెక్కేసుకుంటున్నారని నాకు తెలుసు: మా అబ్బాయికి 6/36, అంటే 19 శాతమేనా? ఆ లెక్కలు మందు లేని రోజులవి. మందు వచ్చాక మధ్యలో ఉన్నవాళ్ళ తలరాతే ఎక్కువ మారింది.

రెండోది పైసా ఖర్చు లేని పరీక్ష. చీకటి గదిలో టార్చి లైటు ఒక కంటి మీంచి రెండో కంటి మీదకి మార్చి మార్చి వేయడం. రెటీనాకు రక్తం అందుతుంటే లైటు పడగానే కంటిపాప ముడుచుకుంటుంది. అందకపోతే లైటు పడినా పాప పెద్దదవుతుంది. పంజాబ్‌లో పుట్టి, అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు ఈ జబ్బు మీదే పనిచేసిన సోహన్ సింగ్ హేరే గారు జీవితమంతా చెప్పిన మాట ఇది: రక్తం అందుతున్న రకం వేరు, అందని రకం వేరు, రెండింటినీ ఒకే జబ్బుగా చూడొద్దు, తేడా తెలుసుకోవడానికి కంటిపాపను అడగండి. ఆయన లెక్కలో సెంట్రల్ రకంలో ఐదింట నాలుగు వంతులు రక్తం అందే రకమే. మరి యాంజియో తీస్తే తెలియదా అంటారేమో. చేతికి రంగు మందు ఎక్కించి తీసే ఆ ఫొటోల్లో తెలుస్తుంది, కానీ మొదటి వారాల్లో రెటీనా నిండా రక్తపు మరకలుంటే వాటి కింద ఏముందో రంగు చూపించలేదు. అలాంటప్పుడు టార్చి లైటే మెరుగు. ఇక్కడ ఒక చిన్న విషయం: ఈ పరీక్ష పాప పెద్దది చేసే చుక్కలు వేయకముందే చేయాలి. చుక్కలు వేశాక గుర్తొస్తే ఆ రోజుకి అవకాశం పోయినట్టే.

మూడోది ఓసీటీ స్కాన్, వెలుతురుతో రెటీనా పొరల్ని ఫొటో తీసేది. మీరు ఫైల్లో పెట్టుకుని తిరిగే రంగురంగుల కాగితం అదే. అందులో మందం అంకె ఒకటుంటుంది, 600, 700 మైక్రాన్లు అని. ఇంటిల్లిపాదీ ఆ అంకె చూసి టెన్షన్ పడతారు. వాట్సాప్‌లో అన్నయ్యకి పంపిస్తారు. నా మాట వినండి: ఆ అంకె నీళ్ళ ఎత్తు మాత్రమే. అది ఒక్కటీ చూసి చివరి చూపు చెప్పడం కుదరదు. 700 ఉండి రెండు ఇంజెక్షన్లకి 6/9కి వచ్చినవాళ్ళున్నారు, 400 ఉండి 6/36 దగ్గర ఆగిపోయినవాళ్ళూ ఉన్నారు. మేం చూసేది వేరును. రెటీనా పొరలు పొరలుగా ఉంటుంది. లోపలి పొరలు ఒకదానికొకటి స్పష్టంగా విడివిడిగా ఉన్నాయా, కలగాపులగమై గీతలు చెరిగిపోయాయా? 2014లో షుగర్ రోగుల్లో దీన్ని గమనించి డ్రిల్ అని పేరు పెట్టారు, ఇప్పుడు సిర మూసుకున్న కళ్ళలోనూ అదే చూస్తున్నాం. ఆ కలగాపులగం నడిమధ్యలో ఎంత వెడల్పున ఉంటే చూపు తిరిగి రావడం అంత కష్టం. ఇక అడుగున, వెలుతురును పట్టే కణాల దగ్గర ఎలిప్సాయిడ్ జోన్ అని ఒక తెల్లటి గీత ఉంటుంది. అది తెగకుండా ఉంటే నాకు ప్రాణం లేచొస్తుంది. నీరు తీసేస్తే చదవగలిగే కన్ను అది.

నాలుగోది మొదటి రోజు చూడలేం. మందుకి కన్ను ఎలా స్పందించిందన్నది. రక్తం అందని రెటీనా వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని వదులుతుంది, గొట్టాలు కారేది దానివల్ల. ఇంజెక్షన్ దాన్ని కట్టేస్తుంది. 2010లో వచ్చిన క్రూయిజ్ అనే పరీక్షలో సెంట్రల్ రకం రోగులకు నెలనెలా రానిబిజుమాబ్ అనే అలాంటి ఇంజెక్షన్ ఇస్తే ఆరు నెలల్లో సగటున 14.9 అక్షరాలు ఎక్కువ చదివారు. చార్టులో వరసకి అయిదు అక్షరాలు, అంటే మూడు వరసలు. మందు లేకుండా ఉత్తుత్తి ఇంజెక్షన్ పొందినవాళ్ళు పెరిగింది 0.8 అక్షరం. ఇంకా ముఖ్యమైనది తర్వాత జరిగింది. ఆరు నెలలు ఆగినవాళ్ళకి కూడా ఆ తర్వాత మందు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి మొదటినుంచీ మందు పొందినవాళ్ళు 13.9 అక్షరాల లాభంతో ఉంటే, ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళు 7.3 దగ్గర ఆగారు. అదే మందు, అదే జబ్బు. సగం లాభాన్ని ఆలస్యం తినేసింది. చేను ఎన్ని రోజులు మునిగుందన్నది అంత ముఖ్యం.

ఇప్పుడు ఇక్కడున్న సాఫ్ట్‌వేర్ పిల్లలకి ఒక మాట. మీలో కొందరు నన్ను ముందే అడిగారు, స్కాన్ ఫొటోలు ఇస్తే ఏఐ చెప్పేయదా మేడమ్ అని. అలాంటి మోడళ్ళు తయారవుతున్నాయి, నేను వాటికి వ్యతిరేకిని కాను. కానీ మీకు బాగా తెలిసిన ప్రశ్నే మీరు అడగడం లేదు. ట్రైనింగ్ డేటా ఎవరిది? మనం గొప్పగా చెప్పుకునే పెద్ద పరీక్షలన్నిటిలోనూ రోగుల సగటు వయసు అరవై దాటింది. ముప్ఫై అయిదేళ్ళవాళ్ళు వాటిలో చాలా తక్కువ. వయసు తక్కువైతే లాభం కాస్త ఎక్కువని ఆ పరీక్షలే చెప్పాయి, నిజం. కానీ అక్కడ "తక్కువ" అంటే యాభైల్లో ఉన్నవాళ్ళే ఎక్కువ. ముప్ఫై అయిదేళ్ళ కన్ను వేరు. దాని వెనక కారణం వేరు కావచ్చు, రక్తం గడ్డకట్టే జబ్బో టీబీయో. లోపల విట్రియస్ అనే జిగురు ఇంకా రెటీనాకు అంటుకునే ఉంటుంది. అలాంటి కంటికి డెబ్బై ఏళ్ళవాళ్ళ లెక్కలు వేసి 72 శాతం అని చెబితే, ఆ అంకెకి ఉన్నంత కచ్చితత్వం దాని వెనక ఉన్న జ్ఞానానికి లేదు. అందుకే నేను కుర్రవాళ్ళకి శాతాలు చెప్పను. "ఈ రోజు చూసినదాన్ని బట్టి కారు నడిపేంత చూపు వస్తుందని గట్టి ఆశ ఉంది, మూడు నెలలయ్యాక మళ్ళీ చెబుతాను" అంటాను. లేదా "సన్నక్షరాలు చదివే చూపు ఈ కంటికి రాకపోవచ్చు, మిగిలినది కాపాడదాం" అంటాను. రెండోది చెప్పడం కష్టం. చెప్పకపోవడం ఇంకా అన్యాయం.

చిన్న వయసులో మందు ఎంచుకోవడంలోనూ తేడా ఉంది. కంట్లో పెట్టే స్టెరాయిడ్ ఇంప్లాంట్ వాపును బాగానే తగ్గిస్తుంది. డెబ్బై ఏళ్ళాయనకి దానివల్ల శుక్లం వస్తే ఆపరేషన్ చేస్తాం, అయిపోతుంది. ముప్ఫై అయిదేళ్ళవాళ్ళకి శుక్లం వచ్చి లెన్స్ తీసేస్తే దగ్గరా దూరం దానంతటదే సర్దుకునే శక్తి ఆ కంటికి పోతుంది. పైగా కంటి ప్రెషర్ పెరిగే ప్రమాదం ఉంది. కాబట్టి కుర్రవాళ్ళలో ముందు వీఈజీఎఫ్‌ని కట్టేసే మందులే. వాటి ఖరీదు చూసి వెనక్కి తగ్గేవాళ్ళకి ఒక సంగతి: 2017లో వచ్చిన స్కోర్ 2 పరీక్షలో సెంట్రల్ రకానికి ఆరు నెలల దగ్గర తక్కువ ఖరీదైన బెవాసిజుమాబ్, ఖరీదైన అఫ్లిబర్సెప్ట్‌కి ఏమీ తీసిపోలేదు, 18.6 అక్షరాలు, 18.9 అక్షరాలు. మన దేశంలో 2015 నుంచి రానిబిజుమాబ్ బయోసిమిలర్, అంటే దాన్ని పోలేలా ఇంకో కంపెనీ తయారుచేసిన మందు కూడా దొరుకుతోంది. ఈ ఊళ్ళోనే మింటో కంటి ఆసుపత్రి ఉంది, ప్రభుత్వానిది, వందేళ్ళు దాటినది. డబ్బు లేదని కన్ను వదులుకోవద్దు. డాక్టరుకి మొహమాటం లేకుండా చెప్పండి, దారి ఉంటుంది.

ఆస్పిరిన్ గురించి కూడా అడుగుతారు. గుండెకోసం వేసుకుంటున్నవాళ్ళు సొంతంగా మానొద్దు. కంట్లో అడ్డం కరుగుతుందని సొంతంగా మొదలుపెట్టొద్దు, అది కరిగించదు.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్న అమ్మాయిలు ఆ విషయం మొదటి రోజే చెప్పాలి. గర్భంతో ఉన్నప్పుడు ఈ ఇంజెక్షన్లు ఇవ్వకుండా ఉండటానికే చూస్తాం. ఎవరి ముందు చెప్పాలా అని మొహమాటపడితే, అత్తగారిని కాసేపు బయట కూర్చోమని నేనే చెబుతాను.

ఇంక ప్రశ్నలు అడగండి.

(వెనకనుంచి ఒక యువకుడు: మేడమ్, రోజుకి పన్నెండు గంటలు స్క్రీన్ చూస్తాం. దానివల్ల వస్తుందా?)

రాదు బాబూ. స్క్రీన్ వల్ల కన్ను ఆరిపోతుంది, మంట పుడుతుంది. సిర మూసుకోదు. కానీ ఆ పన్నెండు గంటలూ కుర్చీలోనే ఉండటం, రాత్రి రెండింటికి అమెరికావాళ్ళతో కాల్, నిద్ర లేకపోవడం, బీపీ చూపించుకోకపోవడం, వీటి సంగతి అడుగు. ఇంకో సంగతి. స్క్రీన్ వల్లేనని నమ్మినవాళ్ళే ఆలస్యంగా వస్తారు. పొద్దున లేవగానే ఒక కన్ను మసకగా ఉంటుంది, మధ్యాహ్నానికి కాస్త తేటపడుతుంది, ల్యాప్‌టాప్ ఎక్కువైందిలే అనుకుంటారు. ఈ జబ్బు మొదట్లో అలా పొద్దున మసక, తర్వాత తేట అన్నట్టు ఉండొచ్చు. రెండు కళ్ళూ తెరిచి ఉంటే మంచి కన్ను చెడ్డ కంటి పని కూడా చేసేస్తుంది, నీకు తెలియనే తెలియదు. ఇంట్లో తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, అందులో రోజు అంకె కింద తిథి, నక్షత్రం సన్నగా వేస్తారు. వారానికోసారి ఒక్కో కన్ను మూసి అది చదువు. గీత వంకరగా కనిపించినా, మధ్యలో అక్షరం మాయమైనా ఆ వారంలోనే రా.

(ఒక మహిళ: ఇంజెక్షన్లు జీవితాంతం వేయించుకోవాలా డాక్టర్ గారూ?)

అందరికీ అక్కర్లేదమ్మా. నాలుగేళ్ళ పాటు వెంబడించి చూసిన ఒక చిన్న అధ్యయనంలో బ్రాంచ్ రకంలో సగం మందికి, సెంట్రల్ రకంలో 44 శాతం మందికి వాపు పూర్తిగా ఆగిపోయింది. మిగతావాళ్ళకి అప్పుడప్పుడు కావాల్సి వచ్చింది. మొదటి ఏడాదిలోనే ఎక్కువ పడతాయి. కుర్రవాళ్ళు మానేసేది కూడా ఆ ఏడాదిలోనే. మూడు ఇంజెక్షన్లకి చూపు తేటపడుతుంది, ప్రాజెక్టు డెడ్‌లైన్ వస్తుంది, నాలుగోది వాయిదా వేస్తారు. వాపు తిరగబెట్టిన సంగతి రెండు నెలల తర్వాతగాని తెలియదు. నేను చెప్పిన సూచనలన్నీ బాగున్నా, మనిషి రాకపోతే నా అంచనా తప్పుతుంది.

(ముందు వరసలోంచి ఒక పెద్దావిడ: డాక్టరమ్మా, మా అల్లుడికి ముప్ఫై ఎనిమిది. పెద్ద నరమే మూసుకుందన్నారు. 6/36 ఉన్నది మూడు ఇంజెక్షన్లకి 6/18 అయింది. రెండు నెలల్నుంచి అక్కడే ఆగింది. ఇంక అంతేనా తల్లీ?)

అమ్మా, ఆగిపోవడంలో రెండు రకాలున్నాయి. స్కాన్‌లో ఇంకా నీరు ఉండి ఆగిందా, నీరు పోయాక ఆగిందా? నీరు ఉంటే మనం చేయాల్సింది ఇంకా మిగిలి ఉంది. ఇంజెక్షన్ల మధ్య గడువు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు. నీరు పూర్తిగా పోయి ఆగితే అప్పుడు ఆ తెల్లటి గీత చూడాలి. అది మళ్ళీ అతుక్కుంటూ ఉంటే నెలలు గడిచేకొద్దీ ఇంకో వరస, రెండు వరసలు కలిసే అవకాశం ఉంది. అది నడిమధ్యలో చెరిగిపోయి ఉంటే, 6/18ని నిలబెట్టుకోవడమే మన పని. అప్పుడు ఆయనకి ఆ మాట మెల్లగా నేనే చెబుతాను, మీరు చెప్పక్కర్లేదు. రక్తపరీక్షలు చేయించారా? హోమోసిస్టిన్ చూశారా? బీపీ ఎంత?

(పెద్దావిడ: హోమో... అదేమీ చూడలేదమ్మా. బీపీ బిళ్ళ కిందటి నెలే మొదలుపెట్టారు. ఫైలు మా అమ్మాయి దగ్గరుంది, బ్లాక్ సీ, నాలుగో అంతస్తు.)

అయితే అమ్మాయికి ఫోన్ చేయండి. ఫైలంతా తెమ్మనండి, చివరి స్కాన్ ఒక్కటే కాదు. మొదటి రోజు తీసిన స్కాన్ నాకు తప్పకుండా కావాలి. ఆ రోజు పొరలు ఎలా ఉన్నాయో చూస్తేగాని ఇవాళ్టి మాట చెప్పలేను. అల్లుడు గారు ఇంట్లోనే ఉంటే ఆయన్నీ రమ్మనండి. ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుందాం, అక్కడ వెలుతురు బాగుంది.